కట్టలో ఒక విస్తరి ఎక్కువ

పోయినవాటి లెక్క ముందు చెప్పుకుంటాను.

నేషనల్ పార్కు పాత రెస్టుహౌసులో, గాలివానకు వెనకగది పెంకులు లేచిపోయేనాటికి లోపల మూడు ఇనపపెట్టెలున్నాయి. ఒకటి పొడిగా ఉండిపోయింది. రెండోదాని అడుగున నీళ్లు చేరి ఉత్తరాలు ముద్దకట్టాయి. విడదీయబోతే తడి అటుకుల్లా చేతికంటుకున్నాయి. మూడోదాని జోలికి నీళ్లు వెళ్లలేదు గానీ చెదలు వెళ్లాయి. మూతకు అంటించిన పాత జాబితా ప్రకారం ఉండాల్సినవి ఉత్తరాలు నాలుగువందల పన్నెండు, ఫొటోలు నూట ఆరు. చేతికొచ్చినవి ఉత్తరాలు రెండువందల తొంభై, ఫొటోలు డెబ్భై ఒకటి. అంటే పోయినవి ఉత్తరాలు నూట ఇరవై రెండు, ఫొటోలు ముప్ఫై ఐదు. మిగిలిన ఫొటోల్లో ఒకదాని మీద తెల్లటి చెమ్మ మరక పాకి, ఒక మనిషి తల నుంచి నడుం దాకా చెరిగిపోయింది. దాన్ని విడిగా రాసుకున్నాను: ముఖం, ఒకటి.

మొన్న శుక్రవారం అరకు సంతకు వెళ్లేసరికి ఆ లెక్కలో ఇంకొకటి చేరింది: మనిషి, ఒకరు.

అల్లం బస్తాల వరసకీ ఎండుచేపల వరసకీ మధ్య, గోనెసంచి పరుచుకుని అడ్డాకు విస్తర్లు అమ్మే ఆవిడ చోటు ఖాళీగా ఉంది. రెండు వరసల వాళ్లూ మూరెడు జరిగితే నిండిపోయే ఖాళీ అది. ఎవరూ జరగలేదు. అల్లం అమ్మే మనిషి నన్ను చూసి, నేనడక్కుండానే చెప్పింది.

"అప్ప ఎల్లిపోనాది బాబూ. మంగళారం. ఒళ్లో సగం కుట్టిన ఇస్తరుంది."

అప్ప అని మేమందరం పిలిచేవాళ్లం. అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

నేను మట్టిపని, రాతిపని లెక్కలు కట్టి బతికేవాణ్ని. తవ్విన కాలవ ఎంత, పేర్చిన రాయి ఎంత, కాంట్రాక్టరుకు రావాల్సిన కొలత ఎంత, ఇదే నా పని. ఎవరూ నేర్పలేదు, కట్టగా కట్టగా వచ్చింది. ఆ అలవాటు వల్లనే ఆమెతో పరిచయమైంది. మా అన్న కొడుకు పెళ్లికి ఆమె దగ్గర ఇరవై కట్టల విస్తర్లు కొన్నాను. కట్టకి పాతిక. ఇంటికి తెచ్చి లెక్కపెడితే ప్రతి కట్టలో ఇరవై ఆరున్నాయి. ఒకటో రెండో కట్టల్లో అయితే చెయ్యి తప్పిందనుకుంటాం. ఇరవై కట్టల్లోనూ తప్పదు కదా. పై శుక్రవారం ఆ ఇరవై విస్తర్లూ సంచిలో పెట్టుకుని తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను.

ఆమె అడ్డపొగ తాగుతోంది. చుట్ట నిప్పున్న కొస నోట్లోపల ఉంటుంది కాబట్టి పొగ కనబడదు. మాట్లాడితే మాటతోపాటు కొంచెం కొంచెంగా బయటికొస్తుంది.

"ఇవేటి?" అంది.

ఎక్కువొచ్చాయని చెప్పాను. కట్టకొకటి చొప్పున ఇరవై.

"పెళ్లికి పిలవనోలు ఎవులూ రానేదా?"

వచ్చారన్నాను.

"ఆలు దేంట్లో తిన్నారు?"

లెక్కలో ఉన్న వాటిలోనే తిన్నారన్నాను.

"అయితే నీ లెక్కలోవోలు కొందరు తిన్నేదన్నమాట," అని అల్లం మనిషి వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వులో పొగంతా ఒకేసారి బయటికొచ్చింది.

నాకు కొంచెం ఉక్రోషం కలిగింది. కొసరని ముందే చెప్పొచ్చుగా అన్నాను. ఆమె చుట్ట తీసి, చూసి, మళ్లీ పెట్టుకుంది.

"కొసరు కొన్నోడికి. ఇది కొననోడికి."

ఆ ఇరవై విస్తర్లూ తీసుకోలేదు. మా ఇంట్లో అవి చాలా రోజులు అటకమీద ఎండుతూ ఉండిపోయాయి. గాలి వీచినప్పుడల్లా ఎవరో పైన మెల్లగా పక్కకు ఒత్తిగిలినట్టు చప్పుడయ్యేది. 

పార్కు రెస్టుహౌసు పెంకులు లేచిపోయాక, ప్రహరీ రాతిపని కొలతలు కట్టినవాణ్నని అక్కడి కుర్ర ఆఫీసరుకు నేను గుర్తొచ్చాను. మిగిలిన కాగితాలకు నంబర్లు వేసి, పొడి గుడ్డల మధ్య పరిచి, ఫొటోల వెనక ఏం రాసుందో వరసగా ఎత్తిరాయాలి. ఆ తర్వాత మంచివి ఎంచి, చూడ్డానికొచ్చే జనం కోసం గోడకు పెడతారట. రోజుకూలి మీద ఒప్పుకున్నాను.

ఆ గదిలో పని చేసిన వారాలు నాకిప్పటికీ నిద్రలో నడిచినట్టే ఉంటాయి. కిటికీ బయట మంచు. కిటికీ లోపల, చాపల మీద, గుడ్డల మీద, బల్లల మీద ఆరుతున్న మనుషులు. ఏనుగంత బండరాయి మీద కాలు పెట్టి నిలబడ్డ దొరబాబుల్లాంటి వాళ్లు. భుజాన కావిడితో నడుస్తూ నడుస్తూ ఆగిపోయిన వాళ్లు. ఇప్పుడు లేని ఒక వాగు, దాని మీద ఇప్పుడు లేని ఒక వంతెన. తడి ఆరేకొద్దీ కాగితం వంకరపోయి, వాళ్లు ఒక్కొక్కరే చాప మీంచి లేచి కూర్చుంటున్నట్టు ఉండేది.

ఉత్తరాలు చాలామటుకు పార్కు మొదటి ఆఫీసరు రాసినవి. అప్పటికింకా పార్కు అనే పేరు కూడా రాలేదు. ఇంగ్లీషులో రాశాడు. టెండరు కాగితాలు చదివి నేర్చుకున్న నా ఇంగ్లీషుకు డిక్షనరీ సాయం కావాల్సొచ్చింది. చలికి సిరా నడవడం లేదనీ, ఉప్పురాయి నాకడానికి అడవిదున్నలు వచ్చి పోతున్నాయనీ, ఇక్కడ మంచు ఇంటి యజమానిలా పొద్దున పదింటిదాకా కదలకుండా కూర్చుంటుందనీ పై ఆఫీసుకు రాసుకున్నాడు. ఒక ఉత్తరంలో రాతి టవరు గురించి ఉంది. అడవిని చూడ్డానికి కట్టిన టవరు. దాని రాళ్లన్నీ కింది ఊరివాళ్లు బుట్టల్లో తలమీద మోసుకొచ్చారు. ఆ ఊరిని పై ఏడాది అడవి హద్దు గీత ఇవతలికి దించాలన్న మాట కూడా ఆ ఉత్తరంలోనే, సిరా ఖర్చుల మాట పక్కనే ఉంది. పని పూర్తయిన రోజు వాళ్లందరినీ టవరు ముందు నిలబెట్టి ఫొటో తీయాలనుకున్నాడు. రెండు పొద్దులు మంచు విడవలేదు. మూడోరోజు విసిగిపోయి మిట్టమధ్యాహ్నం తీశాడు. రెండు కాపీలు చేయించి, ఒకటి ఇక్కడ ఉంచుకుని ఒకటి పట్నం ఆఫీసుకు పంపాడు.

ఇక్కడ ఉంచుకున్నదాని మీదే ఆ చెమ్మ మరక.

ఫొటోల్లోవాళ్ల పేర్లు దొరుకుతాయేమో కనుక్కోమని ఆఫీసరు అన్నాడు. గీత ఇవతలికి దించిన ఊరు అప్పదే. అందుకని కొన్ని ఫొటోలకు కాపీలు తీయించి, సంతరోజున ఆమె గోనె మీద పరిచాను.

ఆమె ఒక ఫొటో తీసుకుని, ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకుని, మరీ దూరంగా పెట్టుకుని చూసింది. గుర్తుపట్టిందని కళ్లలో తెలుస్తూనే ఉంది. చెప్పదు. ఎవరప్పా అంటే నోరు విప్పదు. చివరికి, ఎండుచేపల వాళ్లవతల కుండ పెట్టుకుని జీలుగుకల్లు అమ్మే అతన్ని చూపించి, ఒక డొప్ప తెమ్మంది. కూలి అడుగుతోందనుకుని తెచ్చాను. ఆకుడొప్పలో కల్లు తెల్లగా నురగతో ఉంది. ఆమె తాగలేదు. గోనె కొస మడిచి, కింద నేల మీద డొప్ప మెల్లగా వంచింది. మట్టి తాగేసింది. అప్పుడు చెప్పింది పేరు.

కల్లు తాగేముందు పెద్దలకు నాలుగు చుక్కలు వదలడం కొండల్లో చాలామంది చేసేదే. అప్ప వాళ్లింట్లో దానికి ఇంకొకటి కలిపారు. పోయినవాళ్ల పేరు ఊరికే పలకకూడదు. పలికితే వాళ్లు పని మానుకుని వస్తారట. అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు దాహానికి ఏదీ లేకపోతే బాగుండదు.

"నిన్నెవులైనా పిలిస్తే ఎల్లినావనుకో. మంచినీల్లైనా ఇవ్వకపోతే ఎలాగుంటాది?" అని అడిగింది. నిజమే, బాగుండదు.

అందుకే ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు. కాగితం మీద డొప్ప వంచలేను.

అలా శుక్రవారం తర్వాత శుక్రవారం నడిచింది. కల్లు దొరకని నెలల్లో చోడి అంబలి వంచేది. సంతలో జనం మా చుట్టూ మూగేవాళ్లు. ఎవరో ఒకరు తొంగిచూసి, ఆ చెవులు మా ఇంటివే అనేవారు. అప్ప గుర్తుపట్టేది ముఖాల్ని బట్టి కాదు. ఆమె వాళ్లని చూసింది ముసలితనంలో. ఫొటోల్లో అందరూ పడుచువాళ్లు. నిలబడే తీరు, ఒక భుజం కిందికి దిగడం, నవ్వొస్తే తలవంచుకోవడం, వీటిని పట్టుకుని మెల్లగా వెనక్కి నడిచేది. తప్పులూ చేసేది. ఒకే మనిషిని రెండు ఫొటోల్లో ఇద్దరుగా చెప్పి రెండుసార్లు వంచేసింది. నేను పట్టుకుంటే, "రెండుసార్లు తాగితే ఆడికేటి నట్టం?" అంది. అసలు ఎవరో తెలియనివాళ్లకు కూడా వంచేది. "ఎవులో నువ్వు, తాగు," అని. పేరు తెలియనంత మాత్రాన దాహం ఉండదా అనేది.

టవరు ముందు తీసిన ఫొటో బయటికి తీసిన రోజు ఒక గొడవైంది. గునపం పట్టుకుని నిలబడ్డ ఒక పడుచువాణ్ని చూపించి ఫలానా అని, కల్లు వంచి, పేరు పలికింది. వెనకనుంచి ఒక ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడు.

"అది నానే కదే."

ఆమె ఊరి తాతే. రోజూ చూసే మనిషి. ఆయన పడుచుతనంలో అలా ఉండేవాడని ఆమెకు తోచలేదు. బతికున్న మనిషికి వంచేశామని సంతంతా గోల. అప్ప ముఖం పాలిపోయింది. ఆయన మాత్రం చాలా నిదానంగా గోనె పక్కన కూర్చుని, ఇప్పుడు దీన్ని తిప్పాలంటే నేను నా చేత్తో రెండు డొప్పలు తాగాలన్నాడు. అలాంటి పద్ధతి ఎక్కడా లేదని అల్లం మనిషి అంది. ఇప్పట్నుంచి ఉందన్నాడు. రెండు తెచ్చిచ్చాను. తాగి, మీసం తుడుచుకుని, ఫొటోలో తనను తాను చాలాసేపు చూసుకున్నాడు.

"ఈ గునపం నాదే. ఎవుడో ఎత్తుకుపోనాడు," అన్నాడు.

అందరం నవ్వుతున్నాం. అప్ప నవ్వలేదు. ఆమె వేలు తెల్లమరక దగ్గర ఆగిపోయి ఉంది. మరక పైన బుట్ట కనిపిస్తుంది, బుట్టలో రాళ్లు. మరక కింద చీర కుచ్చిళ్లు, మట్టికొట్టుకున్న రెండు పాదాలు. మధ్యలో మనిషి లేదు.

ఆమె కొంగుకొసతో ఆ తెలుపును తుడిచింది. కాపీ మీద అది పోయేది కాదని చెప్పాను.

"మంచు పట్టినాది. పొద్దెక్కితే ఇడుస్తాదేమో," అంది. తమాషాకు అనలేదు.

మాట మళ్లిద్దామని, మొత్తం ఇరవై ముగ్గురున్నారు, ఈమెతో కలిపి అన్నాను.

"ఇరవై నలుగురు."

మళ్లీ లెక్కపెట్టాను. పై వరస తొమ్మిది, కింది వరస పద్నాలుగు. ఇరవై మూడే. ఆమె ఒప్పుకోలేదు. అల్లం మనిషి కూడా లెక్కపెట్టింది. ఇరవై మూడే.

"కడుపులోదాన్ని లెక్కెట్టవా?" అంది అప్ప.

అప్పుడు తెలిసింది. టవరు పని ఆఖరి రోజుల్లో రాళ్లు మోసినవాళ్లలో నిండు నెలలతో ఉన్నది ఒక్కతే, వాళ్లమ్మ. ఫొటో తీసిన వారంలోనే ఈమె పుట్టింది. ఆ వానాకాలంలోనే తల్లి జ్వరంతో పోయింది. పెంచిన ముసలమ్మ ఎప్పుడూ చెప్పేదట, నువ్వు కూడా ఆ దొర తీసిన ఫొటోలో ఉన్నావే అని. ఆ ఫొటో ఊళ్లో ఎవరూ చూడలేదు. పోయినామె ముఖం ఎలా ఉండేదని అడిగితే ముసలమ్మ ఏడవడం తప్ప చెప్పింది లేదు.

"మా అమ్మ ముకం నాను సూడనేదు తమ్ముడా," అంది. అంతవరకు నన్ను బాబూ అనేది.

అందరూ తాత వైపు తిరిగారు. ఆయన ఆ తల్లితో కలిసి పనిచేసినవాడు కదా. మూడు ముక్కుపుడకలుండేవన్నాడు, అప్పట్లో ఆడవాళ్లందరికీ ఉండేవి. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేదన్నాడు.

"నవ్వు ఇనపడీది. ముకం ఎప్పుడూ బుట్టకిందే. ఆ బుట్ట దిగితే నాను సూద్దును. దిగితే కదా."

ఆ రోజు తల్లికి డొప్ప వంచమని ఎవరో అన్నారు. అప్ప వంచలేదు. ముఖం చూడనిదే ఎలా పిలుస్తానంది.

నాకు చేతనైంది ఒక లెక్క. ఉత్తరం మీద ఫొటో తీసిన తేదీ ఉంది. వారం అటూ ఇటూగా అదే ఆమె పుట్టినరోజు. వేళ్ల మీద కట్టి, నీకు అరవై రెండు నిండి మూడో నెల నడుస్తోందని చెప్పాను. ఆమె పరిచిన గోనె కిందనుంచి ప్లాస్టిక్ సంచి తీసి రేషను కార్డూ ఆధారూ చూపించింది. ఒకదాంట్లో డెబ్భై దాటింది, ఒకదాంట్లో యాభై ఐదు. రెండూ ఎవరో ముఖం చూసి వేసిన వయసులు.

"మూడోది బాగున్నాది. నడిమధ్యన ఉన్నాది," అని సంచి మడిచి దాచుకుంది. ఆ సాయంత్రం సంతలో అందరికీ తన వయసు చెప్పింది. కొనడానికొచ్చినవాళ్లకు, కొననివాళ్లకు కూడా.

రెండో కాపీ ఒకటుండాలి. పట్నం ఆఫీసుకు పంపింది. కుర్ర ఆఫీసరు చేత ఉత్తరం రాయించాను. నేనూ విడిగా ఒకటి రాశాను, ఫొటో కొలత, తేదీ, ఎంతమంది ఉన్నారో అన్నీ వేసి. మనుషుల సంఖ్య దగ్గర కాసేపు ఆగి, ఇరవై మూడని రాశాను. వాళ్లు వెతకాలి కదా.

ఇక ప్రతి శుక్రవారం అప్ప ప్రశ్న ఒకటే.

"వొచ్చినాదేటి?"

రాలేదనేవాణ్ని. ఆమె తల ఊపి, అడ్డాకు మీద అడ్డాకు పెట్టి, వెదురు పుల్లతో కుట్టుకుంటూ పోయేది. చేతివైపు చూసేది కాదు. చూపు సంత దాటి, రైలుపట్టా దాటి, కొండల మీదికి పోయేది. అప్పుడప్పుడు ఉన్నట్టుండి చెప్పేది. రాత్రి కలలో అమ్మ వొచ్చింది, బుట్ట దించుకోబోతుంటే కోడి కూసింది అని. ఇంకోసారి, దారిలో మంచులో ఎవరో ఎదురొచ్చి పక్కనుంచి పోయారు, చీర వాసన తెలిసింది అని. ఏ వాసనప్పా అంటే, తడిరాయి వాసన అంది. నేను నమ్మానో లేదో ఇప్పుడు చెప్పలేను. ఆ మాట విన్నాక మాత్రం మంచులో ఎవరైనా ఎదురొస్తే ఒక అడుగు పక్కకు జరగడం నాకు అలవాటైంది.

వానలు వెళ్లాక వచ్చింది. కాగితం రాలేదు, కంప్యూటరుకు వచ్చింది. ఆఫీసరు పెద్ద సైజులో ప్రింటు తీసి, అట్ట వెనక పెట్టి నాకిచ్చాడు. చూసి చూడనట్టు కవర్లో పెట్టేశాను. ముందు ఆమె చూడాలనిపించింది.

శుక్రవారం. సంత నిండుగా ఉంది. అప్ప చేతులు కొంగుకు తుడుచుకుని, చుట్ట తీసి నేలకు నొక్కి ఆర్పేసి, కవరందుకుంది. బయటికి తీసింది. అల్లం మనిషి, తాత, నేను, ముగ్గురం ఆమె ముఖమే చూస్తున్నాం.

ఈ కాపీలో మరక లేదు. బుట్ట ఉంది, రాళ్లున్నాయి, చీర ఉంది, మనిషి మొత్తం ఉంది. కానీ తీసింది మిట్టమధ్యాహ్నం. నడినెత్తి మీది ఎండకు బుట్ట నీడ ముఖం మీద నిండుగా పడింది. నుదురు నుంచి గడ్డం దాకా నలుపు. ఒకదాంట్లో తెలుపు, ఒకదాంట్లో నలుపు.

తాత మెల్లగా, నేను చెప్పలేదా, బుట్టకిందే ఉండేదని, అన్నాడు. అల్లం మనిషి ఆయన్ని మోచేత్తో పొడిచింది.

అప్ప చూస్తూనే ఉంది. ఎంతసేపటికో ఆమె వేలు నీడ మీంచి కిందికి దిగింది. మొదటి కాపీలో తెల్లమరక మింగేసిన భాగం అది. తల్లి కుడిచెయ్యి పైకెత్తి బుట్ట పట్టుకునుంది. ఎడమచెయ్యి బుట్టను పట్టుకోలేదు. వేళ్లు విప్పి, కడుపు మీద పెట్టుకుని ఉంది. ఆ చెయ్యి మీద ఎండ పడుతోంది. గాజులు కూడా కనిపిస్తున్నాయి.

"ఇదిగో," అంది అప్ప. "నన్ను పట్టుకున్నాది."

తన ఎడమచెయ్యి తెచ్చి ఆ చేతి పక్కన పెట్టి చూసుకుంది. బొటనవేలు రెండిటికీ ఒకలాగే బయటికి తిరిగి ఉంది. చూసినవాళ్లం చూశాం.

కల్లు రోజులు అప్పుడే మొదలయ్యాయి. నేను లేచి ఒక డొప్ప తెచ్చాను. ఇప్పుడు వంచప్పా, అందరికీ అయింది, మీ అమ్మకొక్కతికే మిగిలింది అన్నాను. ఆమె డొప్ప తీసుకుంది. గోనె కొస మడిచింది. నేల వైపు చూసింది. తర్వాత గోనె మళ్లీ పరిచేసి, డొప్ప నా చేతికిచ్చింది.

"నువ్వు తాగీ తమ్ముడా. అమ్మది బాకీ ఉండనీ."

ఎందుకని అడిగాను.

"తీరిపోతే మరెందుకొస్తాది?"

లెక్క మూసేయడమే నా వృత్తి. కొలత వేసి, గీత గీసి, కింద సంతకం పెడితే గానీ నాకు అన్నం సయించదు. ఆ రోజు మాత్రం ఆ డొప్ప పట్టుకుని తాగేశాను. నేనెప్పుడూ తాగను. పుల్లగా, చల్లగా ఉంది.

ఫొటోలు గోడకు పెట్టేటప్పుడు ప్రతిదాని కిందా రెండు లైన్లు రాయాల్సొచ్చింది. టవరు ఫొటో కింద నేను 'టవరు కట్టిన ఇరవై నలుగురు' అని రాశాను. ఆఫీసరు పెన్ను కొసతో ఒక్కొక్క తల మీదుగా పోయి, ఒకటి తక్కువొస్తోందన్నాడు. తక్కువ రాలేదు సార్, మీకు కనిపించడం లేదు అన్నాను. ఎవరో చెప్పాను. మంచివాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

అప్ప ఒక్కసారి వచ్చింది చూడ్డానికి. చంకలో విస్తర్ల కట్ట. గేటు దగ్గర కొత్తగా చేరిన మనిషి టికెట్టడిగాడు.

"ఇది కట్టినప్పుడే వొచ్చినాను నాను. అప్పుడు టికెట్టు నేదు," అని లోపలికొచ్చేసింది. ఆ మనిషి నావైపు చూస్తే, నిజమేనన్నాను. ఫొటో ముందు ఎక్కువసేపు నిలబడలేదు. టవరు దగ్గరికి వెళ్లి, మొదటి వరస రాళ్లను చేత్తో తాకుకుంటూ చుట్టూ తిరిగింది, అమ్మ మోసిన రాయి ఏదో వేలికి తెలుస్తుందన్నట్టు. పైకెక్కుతావా అప్పా అంటే వద్దంది. పైనుంచి చూస్తే అడవంతా కనపడుతుందని చెప్పాను. "మా ఊరు కనపడదు కదా," అని, వెళ్తూ వెళ్తూ గేటు మనిషికి ఒక విస్తరి తీసిచ్చింది. టికెట్టుకు బదులు అనుకున్నాడతను. కాదు. కట్టలో ఎక్కువ ఉండేది అదే.

ఇప్పుడు ఆ ఫొటో ముందు జనం అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడతారు. పులి ఫొటో ముందు కూడా అంతసేపు నిలబడరు. లెక్క కుదరదు కదా. బడిపిల్లలు వేళ్లు పెట్టి లెక్కపెట్టి, ఇరవై మూడేనని, కాదు నువ్వొకణ్ని వదిలేశావని తగువు పడతారు. మళ్లీ మొదట్నుంచి మొదలుపెడతారు. అలా ఒక్కొక్క ముఖాన్నీ రెండుసార్లు, మూడుసార్లు చూస్తారు. నీడ దగ్గర వేలు కొంచెం ఆగుతుంది. ఎవరికీ జవాబు చెప్పవద్దని గేటు మనిషికి చెప్పి ఉంచాను.

మొన్న శుక్రవారం, ఆ ఖాళీ చోటు దగ్గర నేను నిలబడే ఉండగా, అల్లం మనిషి వెళ్లి ఒక డొప్ప తెచ్చింది. తాత కూడా కర్ర మీద వంగి వచ్చాడు. ఆయనకెన్నేళ్లో నేను లెక్క కట్టలేదు; ఆయన అడగలేదు.

"పేరు పలికి వొంచీ బాబూ," అంది అల్లం మనిషి. "నీకే లెక్క తెలుసు."

డొప్ప చేతిలోకి తీసుకున్నాను. గోనె లేదు కాబట్టి మడవాల్సిన పనిలేదు. నేల తడిగా, మెత్తగా, ఎప్పట్నుంచో తాగడం అలవాటైన నేలలా ఉంది. పేరు నాలుక చివర ఉంది. అల్లం వరసకీ చేపల వరసకీ మధ్య సన్నగా మంచు దిగుతోంది. ఆ వేళప్పుడు సంతలోకి మంచు రాదు మామూలుగా.

డొప్ప తాత చేతికిచ్చాను. ఆయన నావైపు చూసి, తాగేసి మీసం తుడుచుకున్నాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఫొటోలో మొత్తం ఇరవై నలుగురు. వంచినవి ఇరవై ఒకటి. బతికున్నవాడు ఒకడు.

బాకీ, రెండు డొప్పలు.